బయటికి తెరుచుకునే తలుపులు: శ్రీమతి తిరందాసు మంజులతగారి పదవీ విరమణ సందర్భంగా

2014వ సంవత్సరం సెప్టెంబరు నెల పదిహేనవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి తిరందాసు మంజులతగారు మన కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా బాధ్యతలు స్వీకరించారు. హోదా పేరు అదే. స్త్రీలకు వేరొక పేరు ఇంతవరకు ఏర్పడలేదు. కొత్త రాష్ట్రం వచ్చి మూడున్నర నెలలైన రోజులవి. పాత బోర్డులు దించి కొత్తవి ఎక్కిస్తున్నారు. ఆమెకు కేటాయించిన బల్ల మీద కూడా ఒక పాత బోర్డు అడ్డంగా పడి ఉంది. ఎవరినీ పిలవకుండా దాన్ని గోడవారకు చేర్చి, బల్ల తుడుచుకుని, సంచిలోంచి సొంత స్కేలూ పెన్సిళ్లూ తీసి పెట్టుకుని ఆమె పనిలో కూర్చున్నారు. 2025 మే నెల ముప్పై ఒకటిన, అరవై ఒక్క ఏళ్లు నిండి, అదే బల్ల ముందు నుంచి లేచి వెళ్తున్నారు. ఈ మధ్యకాలంలో నాలుగేళ్లకు పైగా ఆ బల్ల దగ్గర ఆమె లేరు. దానికి కారణం నేను. ఆ సంగతి చెప్పకుండా ఈ అభినందన వ్యాసం రాయడం నాకు సాధ్యం కాదు.

మంజులతగారు చండూరు ప్రాంతంలోని ఒక చేనేత పల్లెలో జన్మించారు. పుట్టింటివారిదీ మెట్టినింటివారిదీ నేత వృత్తే. భర్త శ్రీ నరహరిగారు ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటారు. ఆమె తండ్రిగారికి ఆ పల్లెలో ఒక ప్రత్యేకమైన పని ఉండేదట. ఎవరింట్లో కొత్తగా మగ్గం దించినా, నేసే మనిషి కాళ్లు పెట్టుకునే గుంటను ఆయనే వచ్చి తవ్వించేవారు. ముందు ఆ మనిషిని నేల మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా జానలతో కొలిచి, ఆ తర్వాతే గడ్డపార పట్టనిచ్చేవారు. "గుంట తప్పితే నడుము పోతది బిడ్డా, ముప్పై ఏండ్లు ఆ గుంటలనే కూసోవాలె," అని ఆయన చెప్పిన మాటను మంజులతగారు ఒకసారి మాతో పంచుకున్నారు. నల్లగొండలో ఐటీఐ చదివి, ఇరవై నాలుగో ఏట సర్కారు కొలువులో చేరి, మన దగ్గరికి వచ్చేనాటికి ఆమె ఇరవై ఆరేళ్ల అనుభవం గడించారు. తాగునీటి ట్యాంకులు, మురుగు కాలువలు, బడి గదులు, ఏ నక్షా అయినా ఆమె గీస్తే రెండోసారి సరిచూడవలసిన అవసరం ఉండేది కాదు.

సరిగ్గా ఆ నమ్మకంతోనే, 2016 ఆరంభంలో సంతలలోనూ బస్సులు ఆగే కూడళ్లలోనూ ప్రజా మరుగుదొడ్లు కట్టాలన్న ఆదేశం వచ్చినప్పుడు, నమూనా నక్షా తయారుచేసే పని ఆమెకు అప్పగించాం. ఒక్క నక్షా ఆమోదం పొందితే అన్ని ఊళ్లలోనూ అదే కడతారు. అప్పట్లో నేను సహాయక ఇంజినీరును. వయసు ముప్పై నాలుగు. తనిఖీ చేసి సంతకం పెట్టవలసిన బాధ్యత నాది. ఆమె మొదట గీసిన నక్షాలో ఎనిమిది గదులున్నాయి. ప్రతి తలుపూ బయటికి తెరుచుకుంటుంది. ఆదేశంలో ఉన్నవి పది.

"పది పట్టాలె మేడం," అన్నాను.

"పది పెడితే నడవ ఇరుకైతది సార్. తలుపు బయటికి తెరిస్తే ఎదురుంగ వచ్చేటోళ్లకు తగుల్తది."

"అయితే లోపలికి తిప్పండి."

ఆమె నక్షాలో ఒక గది మీద స్కేలు ఆనించి కొలిచారు. "లోపల మూడడుగుల జాగనే ఉంటది సార్. మనిషి పక్కకు జరగాలె, అప్పుడే తలుపు తెరుచుకుంటది," అన్నారు.

"జరుగుతరు మేడం. ఎవరైనా జరుగుతరు."

ఆమె చెరిపి, మళ్లీ గీశారు. అడుగున ఆమె సంతకం, దాని పక్కన నా సంతకం. పై అధికారులు ఆమోదించారు. ఏడాదిన్నరలో ఉమ్మడి నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఆ నక్షా ప్రకారం ఇరవై కట్టడాలు లేచాయి. ప్రారంభోత్సవాల శిలాఫలకాల మీద 'పది గదుల మరుగుదొడ్ల సముదాయం' అని చెక్కించాం.

వాటిలో ఒకటి ఒక మండల కేంద్రం సంతబజారులో ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవద్దని ఆ కుటుంబం కోరింది. 2017 నవంబరు పదహారు, గురువారం, సంత రోజు. అజీజా బేగం అనే యాభై ఆరేళ్ల గాజుల వ్యాపారి, తన కూతురు నౌరీన్‌ను దుకాణం దగ్గర కూర్చోబెట్టి ఆ మరుగుదొడ్డికి వెళ్లారు. ఆమెకు చక్కెర వ్యాధి ఉంది, మోకాళ్లు అంతకు ముందే పాడయ్యాయి. లోపల గొళ్లెం పెట్టుకున్నాక కళ్లు తిరిగి పడిపోయారు. మూడడుగుల గదిలో పడిన మనిషికి తలుపు తప్ప వేరే దిక్కు లేదు. ఆమె తలుపుకు అడ్డంగా పడ్డారు.

తల్లి ఎంతకూ రాకపోయేసరికి నౌరీన్ వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ ఊడ్చే బిక్షమ్మ అనే కార్మికురాలు అప్పటికే తలుపు కొడుతోంది. లోపల్నుంచి మూలుగు వినిపిస్తోంది. ఇద్దరూ భుజాలు ఆనించి నెట్టారు. బలహీనమైన గొళ్లెం ఊడిపోయింది. కానీ తలుపు నాలుగు వేళ్ల సందు తెరుచుకుని ఆగిపోయింది. ఆ సందులోంచి తల్లి చెయ్యి కనిపించింది, మోచేతి దాకా మెరుస్తున్న గాజులతో. ఇంకా నెడితే ఆ చెయ్యి నలుగుతోంది. వెంటిలేటర్లో పిల్లి తప్ప మనిషి పట్టడు. చివరకు ఎవరో గునపం తెచ్చి, గోడలోంచి తలుపు చట్రాన్ని పెకలించేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే అజీజా బేగంగారు కన్నుమూశారు. అరగంట ముందు తెచ్చి ఉంటే దక్కేదేమోనని వైద్యుడు అన్నారు.

మర్నాడు పత్రికలో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆ వాక్యాలు చదివి మంజులతగారు మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయలేదు. మా అటెండరు గండయ్య టీ తెచ్చి పెడితే అది చల్లారి మీగడ కట్టింది.

నలభయ్యో దినం జరిగిన తర్వాత, డిసెంబరు నెలాఖరులో, ఆమె ఒంటరిగా బస్సెక్కి నౌరీన్ ఇంటికి వెళ్లారు. ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. చాలాకాలం తర్వాత నౌరీన్ నోట విని నేను తెలుసుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

"ఎవరో సర్కారు మేడం వచ్చిందంటే పరిహారం సంగతి కావచ్చు అనుకున్న. కూసోమంటే కూసోలే. దర్వాజల్నే నిలవడి, 'ఆ తలుపు గీసింది నేనే బిడ్డా,' అన్నది. నాకు సమజ్ కాలే. తలుపు గీసుడేందని అడిగిన. కాయితం తీసి చూపెట్టింది. గా కాయితం మీద మా అమ్మ సచ్చిపోయిన అర్ర ఉన్నది. గింతంత, బొటనవేలంత. 'గట్లెందుకు గీసినవ్?' అని అడిగిన. 'పది పట్టాలన్నరు, పట్టించిన. తప్పని తెలిసి గీసిన,' అన్నది. ఎవరు అన్నరో చెప్పలే. 'మాఫ్ చెయ్యమనేతందుకు వచ్చినవా? నేను చెయ్య,' అన్న. 'దానికి రాలే బిడ్డా. ఆ దినం ఏమైందో నాకు చెప్పు. ఎంత సందు తెరిసింది, అమ్మ తల ఎటు దిక్కున్నది, నువ్వు ఏం పట్టుకుని గుంజినవ్, అన్నీ చెప్పు,' అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. కని అంతదాక గట్ల అడిగినోళ్లు ఎవ్వరు లేరు. పోలీసోళ్లు గూడ అడగలే. చెప్పిన. ఏడ్సుకుంట ఏడ్సుకుంట అన్నీ చెప్పిన. గా మేడం ఏడ్వలే. రాసుకున్నది. 'తలుపు నూకితే అమ్మకు తగుల్తాంది, నూకకుంటే తెర్వదు,' అని నేనంటే, గా మాట రాసేటప్పుడు చెయ్యి ఆగింది."

జనవరిలో విచారణ కమిటీ ఏర్పడింది. ముగ్గురు సభ్యుల్లో నేనొకణ్ణి. తాను తనిఖీ చేసిన నక్షా మీద తానే విచారణ జరపడం తగదని చెప్పవలసినవాణ్ణి, చెప్పలేదు. మా నివేదిక మూడు పేజీలు. అనారోగ్యం వల్ల సంభవించిన మరణమనీ, నిర్మాణం ఆమోదిత నక్షాకు అనుగుణంగానే ఉన్నదనీ, లోపమేదీ కనిపించలేదనీ తేల్చాం. నక్షా ప్రతిని జతచేయమని ఫైలును మంజులతగారికి పంపితే, ఆమె నక్షాతో పాటు తన చేతిరాతతో ఒక పేజీ జతచేసి తిప్పి పంపారు. అది ఫైల్లో నలభై రెండో పేజీ. అందులో ఇలా ఉంది:

"ఈ నక్షా గీసింది నేను. ఇందులో తలుపు లోపలికి తెరుచుకుంటుంది. గది లోపలి వెడల్పు మూడడుగులు. లోపల మనిషి పడిపోతే తలుపుకు అడ్డంగా పడక తప్పదు; బయటివారు తెరవడం సాధ్యం కాదు. గీసేటప్పుడే ఈ సంగతి నాకు తెలుసు. కనుక నిర్మాణంలో లోపం లేదన్న మాట నిజమే. లోపం నక్షాలో ఉంది. ఇదే నక్షాతో ఇకముందు ఎక్కడా కట్టవద్దనీ, కట్టిన ఇరవై చోట్ల తలుపులు బయటికి తిప్పాలనీ కోరుతున్నాను. దీనిపై నాపై ఏ చర్య తీసుకున్నా సమ్మతమే."

లోపలికి తిప్పమన్న మనిషి పేరు అందులో లేదు. ఆ పేరు రాసే హక్కు ఆమెకుంది. రాయలేదు.

అప్పటి పై అధికారి నన్ను పిలిపించారు. "ఈ కాయితం ఉంటే ఆమె సంతకం పక్కన ఎవరి సంతకం ఉన్నదో గూడ చూస్తరు. ఆలోచించుకో," అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయన తీయమనలేదు, నేనే తీశాను. దారం విప్పి, ఆ పేజీ ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ దారం కట్టాను. వారం తర్వాత ఏదో పని మీద ఆ ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. లేచి నా దగ్గరికి వచ్చారు.

"సార్, నలభై ఒకటి తర్వాత నలభై మూడున్నది."

"అట్లనా? నాకు తెల్వది మేడం."

ఆమె నా ముఖంలోకి చూశారు. తర్వాత ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఫిబ్రవరిలో ఆమెను పాలమూరు వైపు బదిలీ చేశారు. వీడ్కోలు సభ జరపలేదు. గండయ్య ఒక్కడే బస్సు దాకా ఆమె సంచి మోసుకెళ్లాడు.

ఆ తర్వాత అదే నక్షాతో పదకొండు కట్టడాలు కట్టాం.

ఆ పదకొండింటిలో ఒకదానిలో, 2019 జులైలో, పెంటారెడ్డిగారనే విశ్రాంత ఉపాధ్యాయులు కాలు జారి పడ్డారు. ఆయన కూడా తలుపుకు అడ్డంగానే పడ్డారు. గంట తర్వాత చట్రం పగలగొట్టి తీశారు. ప్రాణం దక్కింది. కానీ లాగేటప్పుడు విరిగిన తుంటి మరింత చితికింది. ఆయన మళ్లీ నడవలేదు. నేను చూడటానికి వెళ్లాను. మంచం మీద పడుకుని, తన పాఠశాల సంగతులు చెప్పి, నా చదువు సంగతులు ఆదరంగా అడిగారు. నేనెవరో చెప్పలేదు. మంజులతగారు దర్వాజలో నిలబడి చెప్పగలిగిన మాటను, ఆయనిచ్చిన కుర్చీలో కూర్చుని కూడా నేను చెప్పలేకపోయాను.

ఆ ఆదివారమే నేను జడ్చర్లకు వెళ్లాను. మంజులతగారు అక్కడ ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని ఉంటూ, వారానికోసారి చండూరు వైపు ఇంటికి వచ్చి వెళ్తుండేవారు. తలుపు తీసి నన్ను చూసి, లోపలికి రమ్మని, మంచినీళ్లిచ్చారు. జేబులోంచి ఆ కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. రెండు చోట్ల మడత మీద అరిగిపోయి ఉంది. ఏడాదిన్నర అది మా ఇంట్లో, నా చదువు సర్టిఫికెట్ల మధ్యన ఉంది. పెంటారెడ్డిగారి సంగతి చెప్పాను.

ఆమె కాగితం మొత్తం చదివారు, వేరెవరో రాసినదాన్ని చదివినట్టు. "ఫైలు మూసిన్రు గద సార్. ఇప్పుడు గిది పెడితే ఎవరు సదువుతరు?" అన్నారు.

"నన్నేం చెయ్యమంటరు మేడం?"

"ఆ పదకొండు ఊర్ల పేర్లు రాసియ్యిరి."

అంతే. ఇంత చేశారేమని అనలేదు, పోనీలే అని కూడా అనలేదు. నేను రాసిస్తుంటే ఆమె ప్రతి ఊరికీ ఏ బస్సు పోతుందో పక్కన రాసుకున్నారు.

ముప్పై ఒక్క కట్టడాలు, మూడు వందల పది తలుపులు. కొత్త నక్షాకు అనుమతి అడిగితే పాతది తప్పని ఒప్పుకోవలసి వస్తుంది కనుక, ఏ అధికారీ ముందుకు రాలేదు. అందుచేత మరమ్మతుల పేరుతో ఒక్కొక్క చోట మార్చుకుంటూ వెళ్లడమే మార్గమైంది. శనివారాల్లో ఆమె జడ్చర్ల నుంచి, నేను ఇటు నుంచి బయలుదేరి ఆ ఊరిలో కలుసుకునేవాళ్లం. తలుపు బయటికి తిప్పాలంటే నడవ వెడల్పు కావాలి. నడవ వెడల్పు కావాలంటే పది గదులు ఎనిమిది కావాలి. శిలాఫలకం మీద పది అని ఉంటే ఎనిమిది ఎలా చేస్తారని ఊరి పెద్దలు కొట్లాటకు వచ్చేవారు. ఒకచోట మా మీద ఫిర్యాదు కూడా వెళ్లింది. మంజులతగారు వారితో వాదించేవారు కాదు. వారిలో పెద్దవయసు మనిషిని ఒకరిని పిలిచి, లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకుని, కింద కూర్చుని తలుపు తెరవమనేవారు. ఆ తర్వాత మాట పెరిగేది కాదు.

తలుపు ఒక్కటే సరిచేస్తే చాలదన్న విషయం ఆ ఊళ్లు తిరుగుతుండగానే ఆమెకు తెలిసివచ్చింది. ప్రతిచోటా సంతలో ఆడవాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకునేవారు. సంచి ఎక్కడ పెట్టాలి, తడి నేల మీదనా? చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టాలి? నెలసరి గుడ్డ ఎక్కడ పడెయ్యాలి? చూపు లేనివారికి ఏది ఆడవారి వైపో ఎలా తెలుస్తుంది? కేతేపల్లి వైపు ఒక సంతలో గుర్వమ్మ అనే కూరగాయల మనిషి, పక్షవాతం వచ్చిన భర్తను భుజానికి ఆనించుకుని తీసుకొచ్చి ఆమెను నిలదీసింది. "నేను పట్టుకోకుంటే గాయన కూసోలేడు. మరి ఆడోళ్ల దిక్కు తోల్కపోవాల్నా, మగోళ్ల దిక్కు పోవాల్నా? రెండు దిక్కుల తిడ్తరు. మీరే చెప్పుర్రి." ఆ రోజు నుంచే ఆమె నక్షాల్లో ఆడ, మగ అని రాయని ఒక పెద్ద గది చేరింది. చక్రాల కుర్చీ లోపల పూర్తిగా తిరిగేంత జాగా, ఏటవాలు దారి, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు. భర్తను తెచ్చిన భార్య, తల్లిని తెచ్చిన కొడుకు, రెండు వైపులా తరిమేస్తే ఎటూ వెళ్లలేని హిజ్రాలు, అందరూ తలవంచుకోకుండా వెళ్లగలిగే గది.

ఇంత విషాదం మధ్య నవ్వుకున్న సందర్భం ఒక్కటి ఉంది; అది రాయకపోతే గండయ్య నన్ను క్షమించడు. 2022 జూన్‌లో ఆమె తిరిగి మన కార్యాలయానికి బదిలీ అయి వచ్చాక, కొత్త గదిని కాగితం మీద గీసే ముందు, మన వెనుక వరండాలో సుద్దముక్కతో అసలు కొలతల్లో గీశారు. గండయ్యకు చిన్ననాటి పోలియో వల్ల ఎడమ కాలు చచ్చుబడింది. అతన్ని ఆ గీతల్లోకి పంపి, లోపల ఒక స్టూలు వేసి కూర్చోబెట్టి, లేవమన్నారు. "గీడ కూసునుడు అల్కగనే ఉన్నది మేడం, లేసుడే కష్టం. కుడి దిక్కు కడ్డీ వెట్టిన్రు గని, నాకు జోరున్నది కుడి కాలుకు. కడ్డీ ఎడమకు గావాలె," అన్నాడు గండయ్య. అయితే రెండు వైపులా పెడదామని ఆమె గీస్తుండగా, తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి నేరుగా వరండాలోకి నడిచి వచ్చి, గోడగా గీసిన సుద్దగీత మీద నిలబడి ఇదేమిటని గద్దించారు. మంజులతగారు తల ఎత్తి, చేతులు జోడించి, ఎంతో మర్యాదగా, "నమస్తే సార్. జర అటు జరగుర్రి, మీరు గోడల నిలవడ్డరు," అన్నారు. ఆయన నిజంగానే ఉలిక్కిపడి పక్కకు దూకారు. దూకినవారు సరిగ్గా స్టూలు దగ్గర పడ్డారు. "ఇప్పుడు మంచిగ లోపలికొచ్చిన్రు సార్," అన్నాడు గండయ్య. అధికారి నవ్వకుండా ఉండలేకపోయారు. ఆ నవ్వులోనే గీతలన్నీ చూసి, కడ్డీల ఎత్తు అడిగి, కొత్త నమూనా నక్షాకు ఆ నెలలోనే ఆమోదం తెలిపారు. నాలుగేళ్లుగా ఏ వినతిపత్రానికీ కదలని పని అలా కదిలింది.

ఆ నక్షా ప్రకారం మొదటి కట్టడం, అజీజా బేగంగారు మరణించిన సంతబజారులోనే, పాతది కూల్చిన చోట కట్టించాలని మంజులతగారు పట్టుబట్టారు. 2023 మార్చిలో పూర్తయింది. ప్రారంభోత్సవానికి ముందురోజు ఆమె నౌరీన్‌ను పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను. నౌరీన్ ఎవరినీ పలకరించకుండా నేరుగా ఒక గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకుంది. బయటి నుంచి ఒక రూపాయి బిళ్లతో తిప్పినా తెరుచుకునే గొళ్లెం అది. బిక్షమ్మ బిళ్ల పెట్టి తిప్పి తలుపు లాగింది. తలుపు తేలిగ్గా బయటికి వచ్చింది. నౌరీన్ లోపల నేల మీద, తలుపుకు ఆనుకుని కూర్చుని ఉంది. లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, మరోసారి మూయమంది. అలా మూడుసార్లు చేసింది.

"మంచిగున్నది," అంది చివరకు. "గప్పుడే గిట్ల కడితే ఏంబోయేది?"

సమాధానం చెప్పవలసింది నేను. ఆ రోజు చెప్పాను. లోపలికి తిప్పమన్నది నేనేనని, ఆ పేజీ తీసింది నేనేనని. నౌరీన్ నన్ను చూడలేదు. మంజులతగారి వైపు తిరిగి, "నీకు ఎరికేనా?" అంది. "ఎరికే బిడ్డా," అన్నారు ఆమె. "మరి గింతకాలం గాయనతోటి పనెట్ల జేసినవ్?" అని అడిగింది నౌరీన్. "తలుపులు శానా ఉన్నయి బిడ్డా. ఒక్కదాన్ని తిప్పలేను," అన్నారు మంజులతగారు. నౌరీన్ మా ఇద్దరినీ క్షమించలేదు. క్షమించానని చెప్పించుకోవడానికి మేము వెళ్లలేదు కూడా. అయితే ప్రతి గురువారం గాజుల దుకాణం తెరిచే ముందు, బిక్షమ్మతో కలిసి ఆ గదుల గొళ్లేలన్నీ ఒకసారి తిప్పి చూస్తుందని విన్నాను.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు, ఫైల్లోంచి పేజీ తొలగించిన సంగతిని నేను రాతపూర్వకంగా పై అధికారులకు తెలియజేశాను. అసలు కాగితాన్ని జతచేశాను. పెంటారెడ్డిగారి ఇంటికి మళ్లీ వెళ్లి, ఈసారి నేనెవరో చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇగ పోయి రా," అన్నారు. దీని పర్యవసానం ఏదైనా అది నాకు రావలసిందే. అభినందన సంచికలో ఇటువంటి విషయాలు ఎందుకని సంపాదకవర్గం సందేహించిన మాట నిజం. అప్పుడు మంజులతగారికే చదివి వినిపించాను. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, చివరిదాకా విన్నారు. "వెయ్యిరి సార్. కని నన్ను దేవతను చెయ్యకుర్రి. తప్పని తెలిసి గీసిన. ఎనిమిదే పడతయని ఆ దినం గట్టిగ చెప్తే అయిపోతుండె. చెప్పలే. గది గూడ రాయిరి," అన్నారు. ఆమె ఆజ్ఞ ప్రకారం అదీ రాశాను.

ముప్పై ఏడేళ్ల సర్వీసులో ఆమెకు పురస్కారాలేవీ రాలేదు. ఆమె పేరు ఏ ఫలకం మీదా లేదు. కానీ ఈ రెండు ప్రాంతాల్లో ముప్పై ఒక్క ఊళ్లకు గాను ఇరవై ఎనిమిది ఊళ్లలో ఈ రోజు ఒక ముసలమ్మ, ఒక గర్భిణి, కర్ర పట్టుకున్న ఒక మనిషి భయం లేకుండా గొళ్లెం పెట్టుకోగలుగుతున్నారు. తమ క్షేమం వెనుక ఎవరున్నారో వారికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. వారు బయటికి నడిచి వచ్చి, చేతులు కడుక్కుని, తమ బేరాల్లో పడిపోవడమే ఆ పనికి దక్కిన గౌరవం.

శ్రీమతి మంజులతగారికి ఇకనైనా మోకాళ్ల నొప్పులు తగ్గాలనీ, గీతల మీద అరిగిన చూపు నిలకడగా ఉండాలనీ, శనివారాలు బస్సుల్లో కాక ఇంట్లో, నరహరిగారి మగ్గం చప్పుడు వింటూ, కుమార్తె హారికతో కబుర్లు చెప్పుకుంటూ గడవాలనీ కోరుకుంటున్నాను. గురువారం వచ్చిందంటే ఆమె అన్నం సరిగా తినరని హారిక నాతో చెప్పింది. ఆ ఒక్క రోజు కూడా మిగిలిన రోజుల్లాగే ప్రశాంతంగా తెల్లవారాలని, సంపూర్ణ ఆరోగ్యంతో, ఆత్మీయుల నడుమ ఆమె నిండు నూరేళ్లు జీవించాలని మన కార్యాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా ప్రార్థిస్తున్నాను.

మేడం, ఇంకా మూడు ఊళ్లు మిగిలాయి. ముప్పై తలుపులు. వాటి ఫికర్ మీకు వద్దు. అవి నావి.

— ఎల్లస్వామి, ఉప కార్యనిర్వాహక ఇంజినీరు